షెడ్డు వెనుక ఆయిల్ డ్రమ్ము పొర్లింది, పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి) నోటీసు వచ్చింది. ఎంత పడుతుంది?

గ్రీజు_చేతులు
నల్గొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డులో నాకు కార్లు, ట్రాక్టర్ల సర్వీసింగ్ షెడ్డు ఉంది. పదకొండేళ్లయింది. నేను, ఇద్దరు కుర్రాళ్లు, అంతే స్టాఫ్. పోయిన నెల వాన దంచికొట్టిన రాత్రి, షెడ్డు వెనుక పెట్టిన రెండు పాత ఆయిల్ డ్రమ్ముల్లో ఒకదానికి మూత లేదు. పొద్దున వచ్చి కర్ర ముంచి చూస్తే డ్రమ్ము నిండుగానే ఉంది, కానీ అడుగున ఉన్నవి నీళ్లు. నీళ్లు అడుక్కి పోయి ఆయిల్‌ను పైకి నెట్టేశాయి. వెనుక కాలువంతా నలుపు, పైన రంగురంగుల తెట్టు. ఆ కాలువ పోయి పక్కాయన వరి మడిలో పడుతుంది.

ఆయన సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో దరఖాస్తు ఇచ్చాడు. తర్వాత పీసీబీ వాళ్లు వచ్చి ఫొటోలు, శాంపిళ్లు తీసుకుపోయారు. నిన్న షోకాజ్ వచ్చింది. ఆథరైజేషన్ (ఇట్లాంటి వ్యర్థం ఉంచుకునే అనుమతి) లేదు, రిజిస్టరు లేదు, ప్రమాదకర వ్యర్థాన్ని కాలువలోకి వదిలారు, పర్యావరణ పరిహారం ఎందుకు వేయకూడదో 15 రోజుల్లో చెప్పండి అని ఉంది.

అసలు పాత ఆయిల్ ప్రమాదకర వ్యర్థం ఎట్లా అవుతుంది? మా నాన్న ఎడ్లబండి ఇరుసుకు అదే పూసేవాడు. ఎంత పడుతుంది? లాయర్‌ను పెట్టుకోవాలా? రాత్రంతా నిద్ర లేదు.

సెంట్రింగ్_సైదులు
కాలువకు పోసే బదులు మాకిస్తే సెంట్రింగ్ షీట్లకు పూసి రెండు స్లాబులు పోసేవాళ్లం కదన్నా.

గ్రీజు_చేతులు
నేను పోయలేదు భాయ్, వాన పోసింది.

పాత_ఫైలు
ఒక ఫ్యాక్టరీలో ఈ కాగితాలు చూస్తూనే రిటైరయ్యాను. తెలిసింది చెప్తాను.

వాడేసిన ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల్లో మొదటి షెడ్యూలు చూడండి, 5.1 అంటే అదే. ఇంజన్లో తిరిగి తిరిగి అందులో లోహపు పొడి, సగం కాలిన ఇంధనం చేరతాయి. డబ్బాలో కొన్న ఆయిల్ వేరు, డ్రైన్ నట్టు విప్పితే వచ్చేది వేరు. నూనె కలిసిన మడ్డి 5.2. మీరు చేతులు తుడుచుకునే బనియన్ వేస్ట్‌కు కూడా నంబరుంది, 33.2.

మీ నాన్నగారి సంగతి అంటారా, ఏడాదికి ఒక గిన్నెడు పూసేవారేమో. మీ దగ్గర నెలకెంత దిగుతుంది?

గ్రీజు_చేతులు
కారుకు మూడు నాలుగు లీటర్లు, ట్రాక్టరుకు ఏడెనిమిది. సీజన్లో నెలన్నరకు ఒక డ్రమ్ము నిండుతుంది. అంటే 210 లీటర్లు.

చౌటుప్పల్_బస్సు
మా రూట్లో రాత్రి పదకొండు దాటితే బస్సు అద్దాలు మూసుకుని కూర్చుంటాం, ఆ వాసన అట్లాంటిది. అక్కడ ట్యాంకర్లతో కెమికల్ నీళ్లు వదిలేవాళ్లకు ఏం కాదు. దేవరకొండ రోడ్డులో డ్రమ్ముకు మూత లేదని నోటీసు. బాగుంది.

మూసీ_ఆయకట్టు
ఈ మాట ప్రతి చర్చలో ఎవరో ఒకరు అంటారు. మాది మూసీ కింద పొలం. హైదరాబాద్ మురుగంతా మా మడికే వస్తుంది. నురగ చూసి చూసి కళ్లు కాయలు కాశాయి. పెద్దోణ్ణి పట్టుకోవాలి, నిజమే. కానీ మడిలో నిలబడ్డవాడికి ఆ నూనె పెద్ద కంపెనీదా చిన్న షెడ్డుదా అని తేడా ఉండదు. నాటేసి ఇరవై రోజులైన మడిలో తెట్టు కడితే నీటికి గాలి అందదు, పిలకలు రావు. పక్కాయన ప్రజావాణికి పోయే ముందు నీ దగ్గరికి వచ్చాడా లేదా, అది చెప్పు తమ్ముడూ.

గ్రీజు_చేతులు
వచ్చాడన్నా. నేను అప్పుడు ట్రాక్టర్ కింద పడుకుని ఉన్నా. తర్వాత మాట్లాడదాం అన్నా. అదే తప్పయింది.

మూసీ_ఆయకట్టు
అదీ సంగతి.

హైవే_మెకానిక్
జవాబులో ఆ డ్రమ్ము మీది కాదని రాసెయ్. షెడ్డు వెనుక ఖాళీ జాగా, ఎవరో పడేసి పోయారు అను. లేకపోతే ఒక పాత రిజిస్టరు కొని రెండేళ్ల లెక్క ఒక్క రాత్రిలో ఎక్కించు. మా దగ్గర ఒకాయన అట్లనే చేశాడు.

పాత_ఫైలు
ఎంతమాత్రం వద్దు. వాళ్లు తీసిన ఫొటోల్లో డ్రమ్ము పక్కన మీ షెడ్డు గోడ, గోడ మీద మీ ఫోన్ నంబరు ఉండే ఉంటాయి. ఇక రిజిస్టరు. ఒకే పెన్ను, ఒకే దస్తూరీ, కాఫీ మరక ఒక్కటి లేకుండా రెండేళ్ల లెక్క ఉంటే పిల్లాడు కూడా పట్టేస్తాడు. ఇప్పుడు మీ మీద ఉన్నది నిర్లక్ష్యం. దొంగ రిజిస్టరు పెడితే అది మోసం.

లెక్కల_పంతులు
ఎంత పడుతుందని అడిగారు, ఎవరూ చెప్పడం లేదు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి సూత్రం ఒకటుంది. కాలుష్య సూచిక × రోజులు × రూపాయల గుణకం × యూనిట్ సైజు × ఊరి గుణకం.

కాలుష్యం ఎక్కువుండే రెడ్ కేటగిరీకి సూచిక 80, ఆరెంజ్‌కు 50, గ్రీన్‌కు 30. వాహనాల సర్వీసింగ్, పెయింటింగ్ షెడ్లు ఆరెంజ్‌లో ఉన్నాయి. రూపాయల గుణకం 100 నుంచి 500 దాకా ఉండొచ్చు, మామూలుగా 250 తీసుకుంటారు. చిన్న యూనిట్‌కు 0.5. పది లక్షల లోపు జనాభా ఉన్న ఊరికి 1.

50 × 250 × 0.5 × 1 = రోజుకు 6,250 రూపాయలు.

గ్రీన్ కేటగిరీకి లెక్క కడితే 3,750 వస్తుంది కానీ కనీసం రోజుకు 5,000 అని కింద ఒక గీత గీశారు. కాబట్టి అంతకంటే తగ్గదు. ప్రమాదకర వ్యర్థాల కేసులకు పరిమాణాన్ని బట్టి కట్టే లెక్క ఇంకొకటి ఉంది, మీకు ఏది పెడతారో నోటీసులో చూడండి.

గ్రీజు_చేతులు
రోజుకా??

లెక్కల_పంతులు
రోజుకే. లీటర్ల ఊసే లేదు ఆ సూత్రంలో. నలభై రోజులైతే రెండున్నర లక్షలు.

ఉప్పల్_నుంచి_ఊరికి
పంతులుగారూ, పడుకునే ముందు ఇట్లాంటివి చెప్పకండి.

కోర్టు_మెట్లు
రెండు విషయాలు కలిసిపోతున్నాయి, విడదీస్తాను.

ఒకటి పంతులుగారు చెప్పిన పరిహారం, అంటే చెడగొట్టినందుకు కట్టేది. చెడగొట్టినవాడే కట్టాలన్న సూత్రాన్ని సుప్రీంకోర్టు 1996లో వెల్లూరు తోలు ఫ్యాక్టరీల కేసులో గట్టిగా చెప్పింది. నీటి, గాలి చట్టాల కింద ఈ పరిహారం వేసే అధికారం మండళ్లకు ఉందని 2025 ఆగస్టులో మళ్ళీ చెప్పింది.

రెండోది జరిమానా. 1986 పర్యావరణ చట్టం 15వ సెక్షన్ కింద ఇంతకుముందు ఐదేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా ఉండేవి. పాత చట్టాల్లో జైలు శిక్షలు తగ్గించిన జన్ విశ్వాస్ చట్టంతో అది మారింది. 2024 ఏప్రిల్ 1 నుంచి 10 వేల నుంచి 15 లక్షల దాకా జరిమానా. తప్పు కొనసాగితే రోజుకు ఇంకో 10 వేలు. వేసేది కోర్టు కాదు, విచారణాధికారి. జైలు పోయిందని సంబరపడొద్దు. వేసిన జరిమానా 90 రోజుల్లో కట్టకపోతే జైలు మళ్ళీ రావచ్చు.

మీ నోటీసులో ఉన్నది మొదటిది. దానికి జవాబు రాయడానికి లాయరు అక్కర్లేదు. మూసివేత ఆర్డర్ గానీ, కరెంటు కట్ ఆర్డర్ గానీ వస్తే అప్పుడు రండి. దాని మీద 30 రోజుల్లో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్ బెంచికి పోవచ్చు.

చౌటుప్పల్_బస్సు
నల్గొండ డ్రమ్ముకు చెన్నై ప్రయాణం. ఛార్జీలే లక్ష అవుతాయి.

పాత_ఫైలు
పంతులుగారి లెక్కలో అసలు కీలకం ఆ రోజుల గడి. మామూలుగా తనిఖీ చేసి తప్పు పట్టిన రోజు నుంచి, సరిచేశారని వాళ్లు మళ్ళీ చూసి ఒప్పుకునే రోజు దాకా లెక్కేస్తారు. కాబట్టి జవాబు సంగతి రేపు, పని ఇవ్వాళ. డ్రమ్ములు రేకుల కప్పు కిందికి మార్చండి. కింద సిమెంటు గచ్చు, చుట్టూ జానెడు గట్టు. డ్రమ్ము పగిలినా ఆయిల్ ఆ గట్టు దాటకూడదు. మూత, తాళం, మీద లేబుల్. ఈ రోజు నుంచి ఫారం 3లో లెక్క రాయండి, నిన్నటిది రాయొద్దు. ఆథరైజేషన్‌కు ఫారం 1 పెట్టండి. ఆయిల్ పోయిన సంగతి ఫారం 11లో మీరే తెలపాలి, ఆలస్యమైనా తెలపండి. ఇవన్నీ ఫొటోలు తీసి, వచ్చి చూడండి అని ఉత్తరం ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోండి.

ఆయిల్ షెడ్డులో 90 రోజులకు మించి ఉంచకూడదు. ఏడాదికి పది టన్నుల లోపు వచ్చే చిన్నవాళ్లకు మండలి అనుమతిస్తే 180 దాకా.

ఇంతకీ మడిలో, కాలువలో ఉన్నది ఏం చేశారు?

గ్రీజు_చేతులు
మిర్యాలగూడ మిల్లు నుంచి ఊక తెప్పించి చల్లాం. తెట్టంతా పట్టుకుంది. ఎత్తి తొమ్మిది బస్తాలు కట్టాం. ఇటుక బట్టీ ఆయన కాల్చుకుంటాను ఇమ్మంటున్నాడు, రేపు పంపుతున్నా.

పాత_ఫైలు
ఆగండి!! ఆ తొమ్మిది బస్తాలు కూడా ఇప్పుడు ప్రమాదకర వ్యర్థమే. బట్టీకి పంపితే ఇంకో నోటీసు. వాటిని కూడా గట్టు లోపలే పెట్టి, దుండిగల్‌లో ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి మేనిఫెస్ట్ (వ్యర్థం ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో చెప్పే కాగితం) మీద పంపాలి.

సెంట్రింగ్_సైదులు
ఆయిల్ పోయి ఊక వచ్చే ఢాం ఢాం.

గ్రీజు_చేతులు
బట్టీ ఆయనకు ఇప్పుడే ఫోన్ చేసి వద్దన్నాను. అలిగాడు.

పాలమూరు_బ్యాటరీ
జడ్చర్లలో బ్యాటరీల షాపు నాది. మా కథ ఇంకా దారుణం. పాత బ్యాటరీ వస్తే యాసిడ్ వెనుక పారబోసి, బరువు తగ్గాక తూకానికి వేయడం మా మేనమామ కాలం నుంచి అలవాటు. యాసిడ్ పోసిన చోట సున్నం చల్లితే పొంగి చల్లారుతుంది, ఇక విషం లేదు అనుకునేవాళ్లం. సున్నం యాసిడ్‌నే చంపుతుంది, అందులోని సీసం అక్కడే మట్టిలో ఉంటుంది. మామయ్య ఇంటి వెనుక పెంకులో సీసం కరిగించేవాడు. ఆయన చిన్న కొడుకుకు పదేళ్లు వచ్చినా అక్షరాలు నిలిచేవి కావు. హైదరాబాద్‌లో డాక్టరు రక్తం పరీక్ష రాసిచ్చాక అర్థమైంది. ఆ రోజు నుంచి మా ఇంట్లో బ్యాటరీ పగలగొట్టింది లేదు.

2022లో బ్యాటరీ వ్యర్థాల కొత్త నిబంధనలు వచ్చాయి, పాతవి 2001వి పోయాయి. ఇప్పుడు యాసిడ్‌తో సహా నిండు బ్యాటరీనే డీలరుకు వెనక్కి ఇస్తున్నాను. కిలోకు కొంచెం తక్కువ వస్తుంది. రానీ.

గ్రీజు_చేతులు అన్నను ఒకటి అడగాలి. ఇన్నాళ్లూ పాత ఆయిల్ ఎవరికి అమ్మావు?

గ్రీజు_చేతులు
అదే నా భయం. నెలకోసారి ట్రాలీ ఆటోలో ఒకాయన వస్తాడు. డ్రమ్ముకు ఐదు వేలు చేతిలో పెట్టి పోతాడు. బిల్లు లేదు, పేరు కూడా సరిగ్గా తెలియదు. ఎటు తీసుకుపోతాడో అడగలేదు. జవాబులో ఇది రాయాలా వద్దా?

హైవే_మెకానిక్
రాయకు.

కోర్టు_మెట్లు
అడగనిది ముందుకొచ్చి చెప్పక్కర్లేదు. కానీ అడిగితే అబద్ధం వద్దు.

పాత_ఫైలు
నేను కోర్టు_మెట్లుతో ఒప్పుకోను. ఆయిల్ ఎటు పోతోందన్నది వాళ్లు తప్పకుండా అడుగుతారు, అది లేకుండా జవాబు కుంటిదే. 'ఇంతవరకు కాగితం లేకుండా ఇచ్చాను, ఇకపై అనుమతి ఉన్న రీసైక్లరుకే మేనిఫెస్ట్ మీద ఇస్తాను' అని రెండు వాక్యాలు చాలు. చట్టం దృష్టిలో ఆయిల్ గేటు దాటినంత మాత్రాన మీ బాధ్యత పోదు. ఆ ట్రాలీ ఆయన రేపు ఏ వాగులోనో పోస్తే తీగ లాగితే కదిలేది మీ డొంకే.

మేనిఫెస్ట్ అంటే ఫారం 10, ఏడు రంగుల కాపీలు. తెలుపు, పసుపు, గులాబీ, నారింజ, ఆకుపచ్చ, నీలం, బూడిద. మా ఫ్యాక్టరీలో అటెండరు దాన్ని బతుకమ్మ అనేవాడు.

ఉప్పల్_నుంచి_ఊరికి
ఈ చర్చలో మొదటిసారి నవ్వాను.

పాలమూరు_బ్యాటరీ
రీసైక్లరు ఒక్క డ్రమ్ము కోసం ఇంత దూరం రాడు, అది కూడా చెప్పండి పెద్దాయనా. నియమం హైదరాబాద్‌ను చూసి రాశారు. మేం జడ్చర్లలో ఆరు షాపులం కలిసి ఒకే రోజు బండి పిలిపించుకుంటున్నాం. ఎవరి కాగితం వాళ్లదే, బండి ఒక్కటే. 2024 ఏప్రిల్ నుంచి వాడిన ఆయిల్ వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదార్ల మీద కూడా పెట్టారు, అందుకని ఇప్పుడు బండి రావడం కొంచెం నయం.

ఇంకుడు_గుంత
మధ్యలో నా సందేహం. నాది బైకుల వాటర్ సర్వీసింగ్. కడిగిన నీళ్లు ఇంకుడు గుంతలోకి పోతాయి. ఊళ్లో అందరూ తవ్వమంటే తవ్వాను. అది మంచిదే కదా?

మూసీ_ఆయకట్టు
వాననీళ్ల కోసం తవ్వమన్నారయ్యా, డీజిల్ నీళ్ల కోసం కాదు! ఇప్పటికే ఫ్లోరైడ్‌తో మర్రిగూడ, చండూరు వైపు ఎన్ని నడుములు వంగిపోయాయో చూశాం. ఇంక దానికి ఆయిల్ కూడా కలుపుదామా? నీ బోరు ఎంత దూరం?

ఇంకుడు_గుంత
...పన్నెండు అడుగులు.

పాత_ఫైలు
గుంతకు పోయే పైపు ఈ రోజే బంద్ చేయండి. మూడు గదుల తొట్టి కట్టించండి. మొదటి దాంట్లో మట్టి దిగుతుంది, రెండో దాంట్లో ఆయిల్ తేలుతుంది, మూడో గదికి నీళ్లు రెండోదాని అడుగు నుంచి పోయేలా పైపు వంచాలి. తేలిన ఆయిల్ తీసి డ్రమ్ములో పోయాలి. ఊరి మేస్త్రీ మూడు రోజుల్లో కడతాడు.

హైవే_మెకానిక్
నన్ను అందరూ తిట్టారు కాబట్టి నా కథ కూడా చెప్తా. నాకూ నోటీసు వచ్చింది, ఒక కన్సల్టెంటును పెట్టుకున్నా. నలభై వేలు తీసుకుని ఆథరైజేషన్ కాగితం తెచ్చిచ్చాడు. ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించా. తనిఖీకి వచ్చినాయన చదివి నవ్వాడు. అది ఎక్కడో ఉన్న పెయింట్ల యూనిట్‌ది, పేరు మాత్రం నాది అతికించాడు. అందుకే ఈ వ్యవస్థ మీద నాకు నమ్మకం లేదు.

కోర్టు_మెట్లు
మోసం చేసింది కన్సల్టెంటు, కోపం రిజిస్టరు మీద.

ఉప్పల్_నుంచి_ఊరికి
ఆ ఫ్రేమ్ ఇంకా ఉందా?

హైవే_మెకానిక్
ఫ్రేమ్ ఉంది. అందులో ఇప్పుడు యాదగిరిగుట్ట నరసింహస్వామి ఉన్నాడు.

గ్రీజు_చేతులు
రెండు నెలలైంది, ఏమైందో చెప్పాలి కదా.

జవాబు నేనే తెలుగులో రాసి ఇచ్చాను. డ్రమ్ము నాదే, మూత లేదు, ఇన్నాళ్లూ కాగితం లేకుండా అమ్మాను, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. మడి ఆయన దగ్గరికి పోయి కూర్చున్నాను. ముందు మాట్లాడలేదు. వాళ్ల ట్రాక్టర్‌కు క్లచ్ ప్లేట్లు మార్చి, నష్టపోయిన గుంటలకు వడ్ల లెక్క కట్టి ఇచ్చాక కాస్త మెత్తబడ్డాడు. దరఖాస్తు మాత్రం వెనక్కి తీసుకోలేదు, నేనూ అడగలేదు.

గట్టు, కప్పు, తాళం తనిఖీ నుంచి లెక్కేస్తే పద్నాలుగో రోజుకే పూర్తయ్యాయి. అక్కడే దెబ్బ తిన్నా. ఫొటోలతో ఉత్తరం ఇవ్వమని పాత_ఫైలుగారు చెప్పినా, లేబుల్ ప్రింటు అయి వచ్చాక అన్నీ కలిపి ఇద్దాంలే అని ఆగాను. ఇరవై రెండో రోజు ఇచ్చాను. మర్నాడే వచ్చి చూసి, సరిగ్గా ఉందని రాసుకుపోయారు.

ఆర్డర్‌లో 23 రోజులు వేశారు. 1,43,750.

లెక్కల_పంతులు
6,250 × 23. సరిపోయింది. ఆ ఎనిమిది రోజులు ఆగకపోతే యాభై వేలు మిగిలేవి.

గ్రీజు_చేతులు
తెలుసు పంతులుగారూ. లేబుల్ ప్రింటుకు పట్టింది నూట ఇరవై రూపాయలు.

పాలమూరు_బ్యాటరీ
కట్టావా?

గ్రీజు_చేతులు
కట్టేశా. భార్య గొలుసు బ్యాంకులో ఉంది. ఊక బస్తాలు దుండిగల్ పోయాయి. మా రోడ్డులో నలుగురం కలిసి మొన్న రీసైక్లరు బండి పిలిపించాం. ఏడు రంగుల్లో నాకు దక్కిన కాపీలు ఫైల్లో పెట్టాను. ట్రాలీ ఆయన వచ్చాడు, లేదని చెప్తే డ్రమ్ముకు ఇంకో వెయ్యి ఇస్తానన్నాడు.

మూసీ_ఆయకట్టు
ఏమన్నావ్?

గ్రీజు_చేతులు
తాళం చూపించా.

కొత్త_ఇల్లు_2
అన్నలూ, వచ్చే గురువారం మా స్లాబ్. సెంట్రింగ్ షీట్లకు పూయడానికి ఒక పది లీటర్ల పాత ఆయిల్ నల్గొండలో ఎవరి దగ్గర దొరుకుతుంది? అర్జంట్.

సెంట్రింగ్_సైదులు
జర ఈ చర్చ మొదటి నుంచి చదువుకో భాయ్. అదీగాక పాత ఆయిల్ పూస్తే రేపు స్లాబ్ కింద ప్లాస్టరింగ్ పట్టదు. షీట్లకు వేరే ఆయిల్ డబ్బాల్లో దొరుకుతుంది, నాకు ఫోన్ చెయ్.